తమ్ముడికి ఇంజనీరింగ్: ఎన్ని యూనివర్సిటీలకి అప్లై చెయ్యాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు చెప్పండి

వంశధార_అక్క
తమ్ముడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, శ్రీకాకుళంలోనే చదువుతున్నాడు. మాది నరసన్నపేట పక్కన పల్లె. జనవరి జేఈఈ మెయిన్స్‌లో 81 పర్సెంటైల్ వచ్చింది, ఏప్రిల్‌ది కూడా రాస్తానంటున్నాడు.

గొడవేంటంటే, తెలిసిన కన్సల్టెన్సీ ఆయన ఒక లిస్టు రాసిచ్చాడు. విట్, ఎస్ఆర్ఎం, గీతం, కేఎల్, విజ్ఞాన్, చెన్నైవి కొన్ని, బెంగళూరువి నేనెప్పుడూ పేరు కూడా వినని రెండు. అన్నిటికీ అప్లై చేసీమంటాడు. ఒక్కోదానికి వెయ్యి, పన్నెండొందలు. నాన్నకి ఎకరంన్నర పొలం, తెల్ల కార్డు. "బస్సు మీద ఎళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చీలాగుంటే చదివిస్తాను" అంటారు ఆయన. మావయ్య చెన్నై అంటాడు. వీడేమో ఎక్కడైనా పర్లేదు, సీఎస్ఈ కావాలంటాడు. అమ్మ ఎవరితోనూ ఏమీ అనదు, అరసవల్లి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటాది.

వీటిలో ఏవి ఉంచాలి, ఏవి కొట్టీయాలి?

సిరిమాను_చూసినోడు
ముందు ఆ కన్సల్టెన్సీ కాగితం చింపీయండి.

పలాస_జీడిపప్పు
చింపొద్దు. వెనకాల ఖాళీగా ఉంటే వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌లో మనం పెట్టే కాలేజీల, బ్రాంచిల వరస) రాసుకోవచ్చు.

గంటస్తంభం_సెంటర్
తెల్ల కార్డు అన్నారు కాబట్టి సగం లెక్క అక్కడే తేలిపోయింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ కోటా సీటుకి, అంటే ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటుకి. మేనేజ్‌మెంట్ కోటాకి రాదు, చెన్నై, బెంగళూరు కాలేజీలకి రాదు. గీతం, కేఎల్, విజ్ఞాన్ డీమ్డ్ యూనివర్సిటీలు, అవి మన రాష్ట్రం ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఉండవు. వాళ్ళ పరీక్ష వాళ్ళదే, వాళ్ళ ఫీజు వాళ్ళదే.

అదే ఈఏపీసెట్ ఒక్క అప్లికేషన్ పెడితే ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ఇంజనీరింగ్ కాలేజీ, ద్వారపూడిలో ఉన్న జేఎన్‌టీయూ, ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు, అన్నీ అందులోనే. విట్ అమరావతి, ఎస్ఆర్ఎం అమరావతి, మన సెంచూరియన్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో కూడా 35 శాతం సీట్లు ఈఏపీసెట్ ద్వారానే ఇస్తున్నారు. వాటికి రీయింబర్స్‌మెంట్ ఎలా ఉందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కాబట్టి అప్లికేషన్లు తగ్గించండి, ఆప్షన్లు పెంచండి. అప్లికేషన్‌కి డబ్బులవుతాయి, ఆప్షన్‌కి అవ్వవు.

చెన్నై_లోకల్_ట్రైను
అందరూ ఇలాగే భయపెట్టి పిల్లల్ని ఊళ్ళో కూర్చోబెడతారు. నేను సోంపేట నుంచి చెన్నై వెళ్ళి చదివాను. క్లాసులో పది రాష్ట్రాల వాళ్ళు, ఇంగ్లిష్ తప్పక వచ్చింది, హిందీ కూడా వచ్చింది. మావయ్యగారు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

సిరిమాను_చూసినోడు
@చెన్నై_లోకల్_ట్రైను ఫీజు ఎవరు కట్టారు బాబూ?

చెన్నై_లోకల్_ట్రైను
నాన్న. బ్యాంకు లోను కూడా తీసుకున్నాం. ఇంకా కడుతున్నాను, సరేనా.

సిరిమాను_చూసినోడు
సరే. ఎకరంన్నర మీద ఆ లోను ఎవరిస్తారో కూడా చెప్పీ.

టెక్కలి_మాస్టారు
అమ్మా వంశధారా, ముందు ఇంటర్ మార్కుల సంగతి చూడండి. ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూపు మార్కులదే. మెయిన్స్ మీద మోజులో పడి మన పిల్లలు ఇంటర్ పబ్లిక్‌ని తేలిగ్గా తీసుకుంటారు. రికార్డులు పూర్తి చెయ్యరు, ప్రాక్టికల్స్‌లో కూడా మార్కులు పోగొట్టుకుంటారు. పరీక్షలో 160 ప్రశ్నలు, సగం లెక్కలే, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. ఒక్కటి కూడా వదలకుండా పెట్టమనండి. ఈ మాట ప్రతి ఏడూ చెప్తాను, ప్రతి ఏడూ ఎవడో ఒకడు ఖాళీలు వదిలీసి వస్తాడు.

పలాస_జీడిపప్పు
మాస్టారూ, ఆ ఒకడు మా బాబాయి కొడుకు. వాడికి ఇంకా మెయిన్స్ నెగెటివ్ మార్కుల రూలు తలకెక్కే ఉన్నాది.

రాజాం_రాము
నాన్నగారి మాట కూడా వినండి. నరసన్నపేట నుంచి రోజూ వెళ్ళొచ్చేవి అంటే టెక్కలిలో ఆదిత్య, ఇటు ఎచ్చెర్ల, చిలకపాలెం వైపు కాలేజీలు. రాజాం జీఎంఆర్ఐటీ అయితే కాలేజీ బస్సు ఉన్నా రోజూ తిరగడం కష్టం, హాస్టలే. చింతలవలస ఎంవీజీఆర్, జొన్నాడ లెండి, ద్వారపూడి జేఎన్‌టీయూ ఇవన్నీ విజయనగరం చుట్టూ ఉన్నాయి. ఆమదాలవలసలో రైలెక్కితే విజయనగరం చేరొచ్చు గానీ నాలుగేళ్ళు రోజూ అంటే పిల్లాడు కాలేజీలో నిద్రపోతాడు. మధురవాడ గాయత్రి, సంగివలస అనిట్స్, ఏయూ ఇవి పూర్తిగా హాస్టల్ లెక్క.

శ్రీకాకుళం జిల్లాలో మా రాజాం కాలేజీ ఉండగా...

గంటస్తంభం_సెంటర్
ఆగండాగండి. 2022 ఏప్రిల్ నుంచి రాజాం విజయనగరం జిల్లాది. మా కాలేజీ అది.

రాజాం_రాము
జిల్లా మీది, మనుషులు శ్రీకాకుళం వాళ్ళే. ఇది ఇక్కడ తేలదు గానీ వదిలీండి.

పాలకొండ_పిల్ల
మమ్మల్నయితే మన్యం జిల్లాలో పడీసారు, ఎవరికీ చెప్పుకోలేదు మేం.

బొబ్బిలి_వీణ
ఒక జాగ్రత్త చెప్తాను. వెబ్ ఆప్షన్లలో తప్పకుండా వచ్చే కాలేజీని పైన పెట్టండి. రాని వాటిని పైన పెట్టుకుంటూ పోతే కిందకి వచ్చేసరికి ఆ వచ్చేది కూడా ఎవరో పట్టుకుపోతారు. మా పక్కింటి అబ్బాయికి ఇలాగే అయ్యి సీటే రాలేదు.

గంటస్తంభం_సెంటర్
> రాని వాటిని పైన పెట్టుకుంటూ పోతే

ఇది నూటికి నూరుపాళ్ళు తప్పు, దయచేసి ఎవరూ నమ్మొద్దు. సీట్లు ర్యాంకు వరసలో ఇస్తారు. మీ వంతు వచ్చినప్పుడు మీ లిస్టు పైనుంచి చూసుకుంటూ వస్తారు, మీ కేటగిరీలో ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ మీకిస్తారు. పైన ఇరవై రానివి పెట్టినా ఇరవై ఒకటోదానికి మీ ర్యాంకు మీ ర్యాంకే. మీ వెనక ర్యాంకు వాడు మీ చేతిలోంచి లాక్కోడు. పక్కింటి అబ్బాయి ఐదో ఆరో ఆప్షన్లు పెట్టి ఆపేసుంటాడు, సీటు రాకపోవడానికి మామూలుగా కారణం అదే.

కాబట్టి ఇష్టం వరసలో పెట్టండి, వచ్చే అవకాశం వరసలో కాదు. ఎంత కిందకి వెళ్ళాలో తెలియాలంటే పోయినేడు లాస్ట్ ర్యాంకుల జాబితా చూడండి, కాలేజీ వారీగా, బ్రాంచి వారీగా, కేటగిరీ వారీగా, అబ్బాయిలకి అమ్మాయిలకి విడివిడిగా ఉంటుంది.

బొబ్బిలి_వీణ
అలాగైతే సరే. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ కంప్యూటర్నే తిడతాది.

ఎచ్చెర్ల_బస్‌పాస్
దీనికి ఇంకొకటి కలపండి. మొదటి విడతలో సీటొచ్చాక రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెడితే, కొత్త సీటు వచ్చిన క్షణంలో పాత సీటు రద్దు. తిరిగి ఇమ్మంటే ఇవ్వరు. కాబట్టి రెండోసారి చేతిలో ఉన్నదానికన్నా నిజంగా బాగున్నవే పెట్టాలి. మా రూమ్మేటు సరదాగా పెట్టాడు, సరదా తీరిపోయింది. టెక్కలిలో ఉన్నవాణ్ణి గోదావరి అవతల పడేసింది.

తూరుపు_గాలి
నాది వేరే గొంతు. అందరూ కాలేజీ, కాలేజీ అంటున్నారు. బ్రాంచి సంగతి ఎవరూ ఎత్తరేం? 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) సీట్ల మీద ఉన్న పరిమితి ఎత్తేసింది. పేరున్న కాలేజీల్లోనే సీఎస్ఈ సెక్షన్లు పెరిగిపోయాయి. కట్టడాలు పెరుగుతాయి, కంప్యూటర్లు కొంటారు, చెప్పేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? నిన్న పాసైనవాడు ఇవాళ పాఠం చెప్తున్నాడు. నేను ఈఈఈ చదివాను, ఇప్పుడు కరెంటు శాఖలో ఏఈని, అసిస్టెంట్ ఇంజనీర్ని. మా బ్యాచిలో సీఎస్ఈ వాళ్ళు నన్ను చూసి జాలిపడ్డారు.

కోటబొమ్మాళి_కుర్రోడు
@తూరుపు_గాలి ఏఈ పోస్టులు ఎన్నేళ్ళకొకసారి పడతాయో కూడా చెప్పండి సార్. నేను మెకానికల్. నోటిఫికేషన్ కోసం చూసి చూసి చివరికి హైదరాబాదులో టెస్టింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోనే చేరాను. ముందే సీఎస్ఈ తీసుకునుంటే రెండేళ్ళు కలిసొచ్చేవి.

తూరుపు_గాలి
పడ్డప్పుడు రాయాలి మరి. గేట్ ఉంది, రైల్వే జేఈ ఉంది. నేను అందరికీ ఈఈఈ అనట్లేదు. చిన్న కాలేజీ సీఎస్ఈకీ మంచి కాలేజీ ఈసీఈకీ మధ్య తేల్చుకోవలసొస్తే రెండోది అంటున్నాను.

మాధాపూర్_మంచం
నేను చిన్న కాలేజీ సీఎస్ఈనే. పేరు చెప్తే మీలో సగం మందికి ఎక్కడుందో తెలీదు. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు చేతివేళ్ళ మీద లెక్క, వచ్చినవాళ్ళు కూడా అందరికీ ఒకటే జీతం. ఉద్యోగం బయట వెతుక్కున్నాను. కోడింగ్ సొంతంగా నేర్చుకున్నాను, అది నిజం. కానీ పెద్ద కాలేజీ వాడికి పరీక్ష రాసే అవకాశం క్యాంపస్‌లోనే దొరుకుతుంది, నేను ఆ గేటు దాకా వెళ్ళడానికే ఏడాది పట్టింది. అందుకే "కాలేజీ ఏదైతేనేం" అనే మాట నేను చెప్పను.

ఉక్కు_నగరం
మెటలర్జీ అని ఒక బ్రాంచి ఉందని మర్చిపోయారు. ఏయూలో ఉంది, విజయనగరం జేఎన్‌టీయూలోనూ ఉంది. చుట్టూ స్టీల్ ప్లాంటు, ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం మనది, అయినా మన పిల్లలు ఆ బ్రాంచిని చిట్టచివర పెడతారు. అందుకే దాని లాస్ట్ ర్యాంకు వెనక్కి ఉంటుంది. ప్రభుత్వ కాలేజీలో తక్కువ ఫీజుతో చదవాలనుకునేవాళ్ళు ఒకసారి చూడండి. ఓడల మీద ఇష్టం ఉంటే విశాఖలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్, దానికి ఐఎంయూ సెట్ వేరే రాయాలి. కన్సల్టెన్సీ వాళ్ళు ఇది చెప్పరు, ఇందులో వాళ్ళకి కమీషన్ లేదు.

పలాస_జీడిపప్పు
కమీషన్ అంటే గుర్తొచ్చింది. ఇంటర్ పరీక్షలు అయిన మర్నాటి నుంచి ఇంటికి లెక్చరర్లు వస్తారు చూడండి, బ్రోచర్లు పట్టుకుని. పాపం పాఠాలు చెప్పాల్సినవాళ్ళు. ఒకాయన మా ఇంటికొచ్చి కాఫీ తాగి, మా చెల్లి హాల్ టికెట్ నంబరు అడిగి రాసుకున్నాడు. తర్వాత ఫోను మీద ఫోను.

టెక్కలి_మాస్టారు
హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు. "ఆప్షన్లు మేమే పెట్టేస్తాం, మీకెందుకు శ్రమ" అని తీసుకెళ్ళి వాళ్ళ కాలేజీ ఒక్కటే పెట్టి ఫ్రీజ్ చేసిన సంగతి నాకు తెలుసు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ముందుగా చేతిలో పెట్టమన్నా పెట్టకండి.

పాలకొండ_పిల్ల
నాకు అదే జరిగింది మాస్టారూ. కాలేజీ పేరు చెప్పను. వేరే చోట కన్వీనర్ సీటొచ్చింది, ఇక్కడ సర్టిఫికెట్లు ఇవ్వమంటే "కట్టాల్సింది కట్టి తీసుకెళ్ళు" అన్నారు. మా అన్నయ్య, ఊరి పెద్దలు వెళ్ళి కూర్చుంటే గానీ ఇవ్వలేదు. రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి ఆలస్యమైనప్పుడు కూడా ఇదే తంతు, హాల్ టికెట్ ఆపేస్తాం అంటారు. ముందు ఫీజు కట్టమంటారు, పడ్డాక తిరిగిస్తామంటారు. అక్కా, ఏ కాలేజీ అయినా సీనియర్లని ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఫీజు ఆలస్యమైతే ఏం చేస్తారు? ప్లేస్‌మెంట్ సంగతి తర్వాత.

వంశధార_అక్క
@పాలకొండ_పిల్ల ఇది ఎవరూ చెప్పలేదమ్మా ఇప్పటిదాకా. హాస్టల్ ఖర్చు ఎంతవుతుందో నాన్నకి చెప్పాలి, ఎవరైనా చెప్పగలరా?

పాలకొండ_పిల్ల
రీయింబర్స్‌మెంట్‌లో హాస్టల్, మెస్, బస్సు రావు. నేనున్నప్పుడు వసతి దీవెన అని ఏడాదికి 20 వేలు అన్నారు, మెస్సుకి సగం కూడా చాలదు, అదీ అనుకున్న టైముకి పడదు. గవర్నమెంటు కాలేజీ హాస్టల్‌లో మెస్సు ఖర్చు పంచుకుంటారు, తక్కువ పడుతుంది. బీసీ, ఎస్సీ వెల్ఫేర్ హాస్టళ్ళు విజయనగరం, విశాఖల్లో ఉన్నాయి, సీటు దొరికితే అదే మేలు.

చెన్నై_లోకల్_ట్రైను
ఇంత లెక్క వేసి చివరికి ఊరి పక్క కాలేజీలోనే వేస్తారు, చూస్తుండండి.

సిరిమాను_చూసినోడు
నీ లోను ఈఎమ్ఐ డేటు ఎప్పుడు తమ్ముడూ?

తూరుపు_గాలి
ఆపండిక. ఒక పని చెప్తాను. చదువు నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపులు ఎన్‌బీఏ, న్యాక్. ఎన్‌బీఏ బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు. న్యాక్ కాలేజీ మొత్తానికి. బయట గేటు మీద "ఎన్‌బీఏ" అని పెద్ద బోర్డు ఉంటుంది, తీరా చూస్తే అది ఈసీఈకే, మీరు చేరేది ఏఐఎంఎల్‌లో (ఏఐ, మెషిన్ లెర్నింగ్). మీ బ్రాంచికి ఉందా, ఏ ఏడు వరకు ఉందో, ఎన్‌బీఏ వెబ్‌సైటులోనే చూసుకోండి.

నేనే_ఆ_తమ్ముడు
అక్కా నా పర్సెంటైల్ ఊరంతా చెప్పీసావా 🙏
సరే అడుగుతున్నాను. సీఎస్ఈకీ సీఎస్ఈ ఏఐఎంఎల్‌కీ తేడా ఏంటి? రెండోది పెడితే మంచిదా?

కోటబొమ్మాళి_కుర్రోడు
వచ్చీసాడు కథానాయకుడు.

మాధాపూర్_మంచం
మొదటి రెండేళ్ళు దాదాపు ఒకటే. తర్వాత కొన్ని సబ్జెక్టులు మారతాయి. చాలాచోట్ల అదే ఫ్యాకల్టీ, అదే ల్యాబు, తలుపు మీద పేరు వేరు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు మామూలుగా రెండిటినీ కలిపే పిలుస్తాయి. ఒకే కాలేజీలో అయితే మామూలు సీఎస్ఈ పైన పెట్టు, దాని కింద ఐటీ, ఏఐఎంఎల్, డేటా సైన్స్. వీటికోసం మంచి కాలేజీ వదిలి చిన్న కాలేజీకి వెళ్ళకు. ఆటోమొబైల్ పేరు చూసి చేరినవాడు బండి డిజైన్ చేస్తాననుకున్నట్టు ఉంటుంది.

నేనే_ఆ_తమ్ముడు
ద్వారపూడి జేఎన్‌టీయూ పైన పెట్టాలా, ఎంవీజీఆర్, జీఎంఆర్ఐటీ పైన పెట్టాలా? మా ఫ్రెండ్స్ జేఎన్‌టీయూ సర్టిఫికెట్ మీద కాకినాడ పేరు ఉండదు కదా అంటున్నారు.

గంటస్తంభం_సెంటర్
2007లో మొదలైన కాలేజీ అది, తర్వాత కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేది. 2022లో విజయనగరానికి విడిగా యూనివర్సిటీ వచ్చింది, గురజాడ పేరుతో. మన ఉత్తరాంధ్ర కాలేజీలు చాలావరకు దాని కిందకే వచ్చాయి, కాబట్టి అనుబంధ కాలేజీలో చేరినా డిగ్రీ మీద అదే పేరు. అటానమస్ కాలేజీ అంటే సిలబస్, పరీక్షలు వాళ్ళవి, పట్టా యూనివర్సిటీది. కాకినాడ పేరు కోసం దిగులు పడక్కర్లేదు, ఇంటర్వ్యూలో అది అడిగినవాణ్ణి నేను చూళ్ళేదు.

నా వరకు అయితే ఏయూ సీఎస్ఈ, తర్వాత జేఎన్‌టీయూ సీఎస్ఈ, తర్వాత గాయత్రి, ఎంవీజీఆర్, జీఎంఆర్ఐటీ, అనిట్స్ సీఎస్ఈలు. ఆ తర్వాత అవే కాలేజీల్లో ఐటీ, ఈసీఈ. అప్పుడు టెక్కలి.

రాజాం_రాము
నేను ఒప్పుకోను. ప్రభుత్వ కాలేజీ అంటే ఫీజు తక్కువ, ఆ మాట నిజమే. రీయింబర్స్‌మెంట్ వచ్చేవాడికి ఆ తేడా ఎంత? క్యాంపస్‌కి వచ్చే కంపెనీల సంఖ్య, క్లాసులు టైముకి జరగడం చూస్తే ప్రైవేటు మంచివి ముందు. ద్వారపూడిలో ఎన్ని పోస్టులు పర్మినెంటు ఫ్యాకల్టీతో నిండాయో అడిగి చూడండి.

ఉక్కు_నగరం
అదీ అడగండి, ఇదీ అడగండి. వేసవిలో ఒక శనివారం రెండు కాలేజీలకీ వెళ్ళి హాస్టల్ పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుంటే ఇక్కడ చదివినదంతా అరగంటలో తేలిపోతుంది.

హైదరాబాదులో_సిక్కోలు
మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది ఇచ్ఛాపురం, పనికోసం హైదరాబాదు వచ్చాం. మా అమ్మాయి ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఇక్కడే చదివింది. ఏయూలో లోకల్ అవుతుందా?

టెక్కలి_మాస్టారు
పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. మీ అమ్మాయి తెలంగాణలో చదివింది కాబట్టి ఇక్కడ 85 శాతం లోకల్ సీట్లలోకి రాదు. మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడ్ సీట్లకి మీ నివాస సర్టిఫికెట్ మీద అర్హత ఉందేమో చూసుకోండి. విజయవాడ హాస్టళ్ళలో ఇంటర్ చదివినవాళ్ళకి ఈ బాధ లేదు, కృష్ణా, గుంటూరు కూడా ఏయూ లోకల్ ఏరియాలోనివే. ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. వేసవిలో స్కూళ్ళకి తాళాలు.

హైదరాబాదులో_సిక్కోలు
పొట్టకోసం వస్తే పిల్ల పరాయిదైపోనాది. సరే మాస్టారూ.

వంశధార_అక్క
ఇంట్లో కూర్చుని తేల్చాం. ఈఏపీసెట్ కట్టీసాం. మెయిన్స్ ఏప్రిల్‌ది ఎలాగూ ఉంది, రెండిటిలో మంచిది తీసుకుంటారు కాబట్టి రాస్తాడు. మావయ్య ఊరుకోడు కాబట్టి విట్ ఒక్కటి ఉంచాం, అదీ ర్యాంకు బాగుండి తక్కువ ఫీజు కేటగిరీలో పడితేనే అని మావయ్య చేతే ఒప్పించాను. మిగతావన్నీ కొట్టీసాం. బెంగళూరు రెండూ ముందు పోయాయి. నాన్న మాత్రం "టెక్కలి మొదట పెట్టు" అంటున్నారు. ఇష్టం వరసలో పెట్టాలని గంటస్తంభం గారు చెప్పింది చదివి వినిపించాను. "నా ఇష్టమే టెక్కలి" అన్నారు.

పలాస_జీడిపప్పు
నాన్నగారికి రూలు బాగా అర్థమైంది 😂

నేనే_ఆ_తమ్ముడు
పాస్‌వర్డు నా దగ్గర ఉంది.

టెక్కలి_మాస్టారు
నాన్నగారితో మాట్లాడి పెట్టు బాబూ, ఫీజు ఆయన కడతారు. టెక్కలి మరీ అంత తీసెయ్యాల్సింది కాదు, నేనిక్కడే ఉన్నాను. మీ చెల్లెళ్ళో తమ్ముళ్ళో పదో తరగతిలో ఉంటే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి అప్లై చేయించండి. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ళ కోర్సు. నీకు ఆ దారి దాటిపోయింది, వాళ్ళకి ఉంది.

వంశధార_అక్క
చిన్నది తొమ్మిదిలో ఉంది మాస్టారూ, రాసుకున్నాను. ఇంకొక్కటి. మేము బీసీ. కుల సర్టిఫికెట్ పాతది ఉంది, మెయిన్స్‌కి అదే చాలుతుందా?

ఎచ్చెర్ల_బస్‌పాస్
చాలదు. ఈఏపీసెట్‌కి రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్ సరిపోతుంది. ఎన్‌ఐటీల కోసం జోసాలో, అంటే కేంద్రం కౌన్సెలింగ్‌లో, పెట్టాలంటే కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదే చెల్లుతుంది. మీ కులం కేంద్రం జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి, రాష్ట్రం జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం వాళ్ళకే, ఏప్రిల్‌లో పర్సెంటైల్ లేస్తే అవసరం పడుతుంది. ఆదాయం సర్టిఫికెట్ కూడా అదే రోజు సచివాలయంలో పెట్టీండి. జూన్‌లో అందరూ ఒకేసారి వస్తారు, సర్వర్ పడుకుంటుంది.